పరధ్యానం చూపించిన చోటు

సుమారు రెండేళ్లపాటు పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, నేను ఒకే వాక్యం చెబుతూ వచ్చాను: "ప్రార్థనలో పరధ్యానం కలుగుతోంది, ఫాదర్." విన్న గురువులు మారినా సలహా పెద్దగా మారలేదు. ఒకరు తెల్లవారుజామునే లేవమన్నారు, ఇంకొకరు ధ్యానానికి బదులు కొన్నాళ్లు జపమాల చెప్పుకోమన్నారు, మరొకరు ఆ పరధ్యానాన్నే దేవునికి అర్పించమన్నారు. అన్నీ మంచి సలహాలే, అన్నింటినీ పాటించాను కూడా. కానీ నేను చెప్పుకున్న జబ్బు వేరు, నాకున్న జబ్బు వేరు కనుక ఏ మందూ పనిచేయలేదు. ఆ సంగతి తెలుసుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. తెలిసిన తరువాత జరిగింది కూడా తిన్నగా జరగలేదు.

అప్పటికి నా ప్రార్థన జీవితానికి ఒక క్రమం ఉండేది. ఉదయం అరగంట ధ్యానం, వారంలో ఆదివారం కాక మరో రెండు రోజులు దివ్యబలిపూజ, రాత్రి జపమాల. వీటికి తోడు పదకొండేళ్లుగా పూజలో బైబిలు పఠనాలు చదివేదాన్ని. చదవబోయే భాగాన్ని వారం ముందే తీసి, ముందువెనుకల అధ్యాయాలు చూసుకుని, పేర్లు ఎలా పలకాలో నేర్చుకుని, గట్టిగా నాలుగైదుసార్లు చదువుకుంటే గాని వాక్యపీఠం ఎక్కేదాన్ని కాదు. అందులో భక్తి ఉండేది, అది అబద్ధం కాదు. ఆ భక్తి పక్కనే ఇంకేదో పెరుగుతూ ఉండటాన్ని మాత్రం నేను గమనించలేదు.

ఏడాది మొత్తంలో నేను ఎక్కువగా ఎదురుచూసింది పాస్కా జాగరణ కోసం, అంటే ఈస్టరు ముందు రాత్రి జరిగే పూజ కోసం. ఆ రాత్రి పాత నిబంధన నుండి ఏడు, కొత్త నిబంధన నుండి రెండు, మొత్తం తొమ్మిది పఠనాలు ఉంటాయి. అవసరాన్ని బట్టి పాత నిబంధన పఠనాలను తగ్గించవచ్చు గాని, మూడవదైన నిర్గమకాండం 14వ అధ్యాయాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదన్నది నియమం. సముద్రం పాయలై ఇశ్రాయేలీయులు ఆరిన నేల మీద నడిచివెళ్లే ఆ ఘట్టం చాలా ఏళ్లుగా నా వంతుకే వస్తుండేది. వదలకూడని పఠనం నాదన్న భావన నాలో ఎంత లోతుకు దిగిందో, అది చేజారిన రోజుదాకా నాకు తెలియలేదు.

ఒక ఏడాది సక్రిస్టీ (పూజకు సిద్ధమయ్యే గది) గోడకు అంటించిన జాబితాలో మూడవ పఠనం ఎదురుగా వేరొక పేరు కనిపించింది. మా పఠన బృందంలో చేరి రెండేళ్లు కూడా కాని, నన్ను "అక్కా" అని పిలిచే అమ్మాయి పేరు అది. నా పేరు ఆరవ పఠనం ఎదురుగా ఉంది: మన కతోలిక బైబిలులో ఉండి, ప్రొటెస్టంటు సోదరుల బైబిలులో కనిపించని బారూకు గ్రంథం. సరేననుకుని దానినే శ్రద్ధగా సిద్ధం చేసుకున్నాను. ఆ రాత్రి ఆలస్యమవుతోందని పఠనాలు తగ్గించారు. తగ్గించినవాటిలో ఆరవది ఉంది. ఈ సంగతి ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వు వస్తోంది గాని, ఆ రాత్రి నవ్వు రాలేదు. మా గుడి బాధ్యత చూసే విచారణ గురువుల నిర్ణయంలో తప్పేమీ లేదు. కొత్తవారికి అవకాశం ఇవ్వాలని ఆయన ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. నేను కూడా పైకి అదే మాట అన్నాను.

ప్రార్థన ఎండిపోవడం ఆ తరువాతి వారాల్లోనే మొదలైంది. అయినా ఈ రెంటికీ సంబంధం ఉందని రెండేళ్లపాటు నాకు తట్టలేదంటే చదివేవారు నమ్మకపోవచ్చు. ఉదయం కూర్చోగానే మనసు జారిపోయేది, అరగంట రెండు గంటలంత బరువుగా గడిచేది. ఆవిలాపురి పునీత తెరేసమ్మగారు కొన్నేళ్లపాటు ప్రార్థన సమయం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం గంట కోసం చెవి ఒగ్గి ఉండేవారని తన జీవితకథలో ఆమే రాసుకున్నారు. అది చదివి ఊరట పొందాను. అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఇంకొక అడుగు వేసి, పునీత సిలువ యోహానుగారు చెప్పిన 'చీకటి రాత్రి', అంటే దేవుడు ఆత్మను శుద్ధిచేసే ఎండిన కాలం, ఇదేనేమో, దేవుడు నన్ను పై మెట్టుకు తీసుకెళ్తున్నాడేమో అనుకున్నాను. అసూయకు ఇంత గౌరవప్రదమైన పేరు పెట్టుకున్నవారు ఎక్కువమంది ఉండరు. నిజానికి ఆ పునీతుడు గుర్తులు చెప్పే ఉంచారు: నిజమైన చీకటి రాత్రిలో దేవుని సంగతులలోనే కాదు, సృష్టిలోని మరే విషయంలోనూ మనసుకు రుచి దొరకదు. నాకు ఒక్క ప్రార్థన తప్ప అన్నీ రుచిగానే ఉండేవి. ఎవరైనా వచ్చి "మీరు చదివితే ఆ కళే వేరు" అంటే ఆ మాట మూడు రోజుల పాటు తీపిగా ఉండేది. ఆ మొదటి పరీక్షలోనే నేను తప్పాను, కానీ ఆ పేజీని వేగంగా తిప్పేశాను.

మార్పు ఒక వడకంలో (రిట్రీట్‌లో) మొదలైంది. మూడు రోజుల మౌన ధ్యానం. రోజుకొకసారి మార్గదర్శకులైన గురువుతో కొద్దిసేపు మాట్లాడవచ్చు. ఆయన బాగా వృద్ధులు, చెవి కాస్త మందం. నా పాత వాక్యాన్నే ఆయనకూ అప్పజెప్పాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని రెండోసారి చెప్పించుకుని, "పరధ్యానం సరేనమ్మా, మనసు ఎక్కడికి పోతోంది?" అని అడిగారు. అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంటి సంగతులు, పని సంగతులు అని ఏదో చెప్పాను. "అది అందరూ చెప్పేదే. నీది ఎక్కడికి పోతోంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడాయన 1992లో వెలువడిన, శ్రీసభ బోధనలన్నిటినీ ఒకచోట చేర్చిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ప్రార్థనను ఒక పోరాటంగా వర్ణిస్తుందని గుర్తుచేసి, పరధ్యానం గురించి అందులో 2729వ సంఖ్య దగ్గర ఉన్న విషయాన్ని వివరించారు. పరధ్యానాల వెంటపడి వేటాడటమంటే వాటి ఉచ్చులో పడటమే. మన హృదయంలోకి తిరిగి వస్తే చాలు. అయితే మనం దేనికి అంటుకుపోయి ఉన్నామో పరధ్యానమే బయటపెడుతుంది. ఈ రెండో మాట నేను అంతకుముందు విననే లేదు. పరధ్యానాన్ని నేను అప్పటిదాకా తోలవలసిన ఈగలాగే చూశాను. ఆయన నాకు ఒక చిన్న పని అప్పగించారు. నెల రోజులు, ప్రార్థన జరుగుతుండగా కాదు, పూర్తిగా ముగిసిన తరువాత, ఆ రోజు మనసు ఎక్కడికి వెళ్లిందో ఒక్క మాటలో రాసుకోవాలి. విశ్లేషించకూడదు, తిట్టుకోకూడదు. రాసి పుస్తకం మూసేయాలి.

మొదటి వారం రాసుకున్న మాటలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా కనిపించాయి: జాబితా, మైకు, మెట్లు, గొంతు, మళ్లీ జాబితా. పదో రోజున 'విరామం' అని రాసి, ఆ మాట ఎందుకు రాశానో గుర్తుచేసుకుంటే నాకే సిగ్గు వేసింది. మోషే సముద్రం మీదికి చెయ్యి చాచినప్పుడు ప్రభువు రాత్రంతా బలమైన తూర్పుగాలి వీచేలా చేశాడన్న వాక్యం ఉంది కదా, ఆ వాక్యంలో 'రాత్రంతా' అన్న మాట దగ్గర ఆ అమ్మాయి ఆగకుండా చదువుకుంటూ పోయింది. నేనైతే అక్కడ క్షణం ఆపేదాన్ని. ఆ నిశ్శబ్దంలోనే ఆ రాత్రి ఎంత పొడవైనదో వినేవారికి తెలియాలి. దేవుని సన్నిధిలో కూర్చున్నానని నేను అనుకున్న ఆ అరగంటలో నిజానికి ఆ పఠనాన్ని మొదటినుండి చివరిదాకా నా గొంతుతో, నా విరామాలతో లోలోపల చదువుతున్నాను. గుడి నిండా జనం ఉన్నారు, అందరూ వింటున్నారు. నెల ముగిశాక లెక్కపెడితే ముప్పై రోజులలో పంతొమ్మిది రోజులు నా మనసు వెళ్లింది ఆ వాక్యపీఠం దగ్గరికే. ఇల్లు, పని, ఆరోగ్యం అన్నీ కలిపినా పదకొండు రోజులకు మించలేదు.

తెలిసినదాన్ని చెప్పడం మరొక పెద్ద పని అయింది. పాపసంకీర్తనంలో చెప్పే ముందు ఆ వాక్యాన్ని మనసులో ఎన్ని రకాలుగా మార్చానో లెక్కలేదు. 'ఒక సహోదరి విషయంలో మనసు నొచ్చుకుంది' అన్నది మొదటి రూపం. అందులో తప్పంతా సహోదరిదిలా ఉంది. 'నా సేవను గుర్తించలేదన్న బాధ ఉంది' అన్నది రెండవది. అందులో తప్పు గుర్తించనివారిది. నాది నేరంగా కనిపించే వాక్యం ఒక్కటే ఉంది, దానిలో మూడే మాటలు: ఆమె మీద అసూయపడ్డాను. లొయోలాపురి పునీత ఇగ్నాసివారు శత్రువును, అంటే సాతానును, రహస్యంగా ప్రేమాయణం నడపాలనుకునే మోసగాడితో పోలుస్తారు. తన మాటలు గుట్టుగా ఉన్నంతకాలమే వాడి ఆట సాగుతుంది, ఆత్మలను నడిపించడం తెలిసిన గురువు చెవిన పడిన వెంటనే సాగదు. ఆ పోలిక ఎంత సరైనదో వరుసలో నిలబడి తెలుసుకున్నాను. నాకు ముందున్న ఇద్దరు వెళ్లేలోపు రెండుసార్లు ఇంటికి పోదామనిపించింది. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టకూడదన్న గోప్యత నియమం గురువుకే గాని పాపసంకీర్తనం చేసినవారికి వర్తించదు కనుక ఇదంతా రాయగలుగుతున్నాను. ప్రాయశ్చిత్తంగా వారం రోజులు ఆమె పేరు తలచుకుని ఆమె కోసం జపమాలలో ఒక పదిగుళ్ల జపం చెప్పమన్నారు. మొదటి రోజు ఆ పేరు పలకడమే కష్టమైంది, నాలుకకు బంక అంటినట్టు.

ఇక ప్రార్థన చిగురిస్తుందని ఆశపడ్డాను. చిగురించలేదు. అడ్డు తెలిసింది, ఒప్పుకున్నాను, పాపవిమోచన పొందాను, అయినా మరునాటి ఉదయం అదే ఎడారి. పైగా ఇప్పుడు ఇంకొక ఆలోచన మొదలైంది. పఠన సేవ నాకు ఉరి అయింది కనుక పూర్తిగా మానేస్తే మంచిది కదా, నాలాంటిదానికి అరగంట ధ్యానం కూడా ఎక్కువేనేమో, పావుగంట చాలదా. వినడానికి ఎంత వినయంగా ఉందో చూడండి. తెరేసమ్మగారు కూడా ఒకప్పుడు ఇలాంటి తప్పుడు వినయంతోనే ఏడాదికి పైగా ధ్యానప్రార్థన మానేశారు. ఆమె మానేశారు గనుక నేను మానలేదు, అంతకుమించి నా గొప్పేమీ లేదు. ఆత్మ నిస్పృహలో ఉన్నప్పుడు అంతకుముందు ప్రశాంతంగా ఉండగా చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదన్నది ఇగ్నాసివారి నియమం. ఇంకొకటి కూడా ఆయనే చెప్పారు: ప్రార్థన చప్పగా ఉన్నప్పుడు అనుకున్న సమయం కన్నా కాస్త ఎక్కువసేపే కూర్చోవాలి. నేను ముప్పై ఒకటో నిమిషం కూర్చోవడం మొదలుపెట్టాను. పరలోక జపం మెల్లగా చెప్పుకుంటే ఆ నిమిషం గడిచిపోయేది. ఆ అరగంటలో నేను దేవునికి ఇచ్చానని ధైర్యంగా చెప్పగలిగింది ఆ ఒక్క నిమిషమే.

తరువాత నేను చేసిన పొరపాటుకు బాధ్యురాలిని నేనే. నెల తరువాత మూసేయమన్న పుస్తకాన్ని నేను మూయలేదు. అది అంత మేలు చేసింది కదా, ఇంకొంత చేయనిద్దామనుకున్నాను. ఒక్క మాట ఒక పంక్తి అయింది, పంక్తి పేజీ అయింది. ప్రార్థన ముగిశాక రాయవలసింది ప్రార్థన మధ్యలోనే రాయసాగాను. ఎవరితోనైనా మాట్లాడితే ఆ మాటలో గర్వం ఎంత, అసూయ ఎంత అని తూచేదాన్ని. ఒప్పుకున్న పాపాన్నే సరిగ్గా చెప్పలేదేమోనని మళ్లీ చెప్పేదాన్ని. ఒక వారంలో మూడుసార్లు పాపసంకీర్తనానికి వెళ్లాను. వేటాడవద్దన్న మాట విని, సరిగ్గా వేటే మొదలుపెట్టాను.

మూడోసారి వెళ్లినప్పుడు గురువు నా పాపాల చిట్టా సగంలోనే ఆపించారు. ఇగ్నాసివారు 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉండగా ఇలాంటి పాపశంకలతోనే నలిగిపోయి, దేవుడు శాంతి ఇచ్చేదాకా తిననని వారం రోజులు ఉపవాసం ఉన్నారని, ఆ ఉపవాసాన్ని మాన్పించింది ఆయన పాపసంకీర్తన గురువే అని చెప్పారు. పుస్తకం మూసేయమన్నారు, రెండు వారాలకొకసారి తప్ప పాపసంకీర్తనానికి రావద్దన్నారు, ఒకసారి విమోచన పొందిన పాపాన్ని మళ్లీ నోటితో పలకవద్దన్నారు. "నీకు అనుమానం వస్తే ఆ అనుమానం నాది, నేను జవాబు చెప్పుకుంటాను" అన్నారు. 1215లో జరిగిన నాలుగవ లాతరాను మహాసభ విశ్వాసులకు విధించింది ఏడాదికి కనీసం ఒక్క పాపసంకీర్తనమే. తరచుగా చేయడం శ్రీసభ ప్రోత్సహించే మంచి అలవాటే గాని, నేను చేస్తున్నది ఆ అలవాటు కాదు. విధేయత అనే మాటకు అర్థం నాకు అప్పుడే కొంత తెలిసింది. ఎక్కువ చేయమంటే ఉత్సాహంగా చేసేదాన్ని, తక్కువ చేయమంటే ప్రాణం పోయినట్టు ఉండేది. మొదటి రెండు వారాలు చేతులు కట్టేసినట్టు గడిచాయి. ఆ పుస్తకాన్ని చించి పారేశాను. ఉంచితే మళ్లీ తెరుస్తానని నాకు తెలుసు.

చిట్టా రాయడం ఆగిపోయాక, అన్ని పేజీలలోనూ ఎక్కడా రాయని ఒక సంగతి దానంతట అదే గుర్తుకు వచ్చింది. మొదటి ఏడాది జాగరణకు ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఒకసారి చదువుతాను, తప్పులుంటే చెప్పండి" అని అడిగింది. విన్నాను. 'రాత్రంతా' దగ్గర ఆగలేదని అప్పుడే గమనించాను, మరి రెండు మాటలు పలకడంలో తడబడటమూ గమనించాను. "చాలా బాగా చదువుతున్నావు, ఏమీ మార్చనక్కర్లేదు" అన్నాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. అసూయ అన్నది నాలో ఊరికే మెదిలిన భావం మాత్రమేనని అప్పటిదాకా అనుకున్నాను. అది ఒక పని కూడా చేసిందని, అదీ పొగడ్త రూపంలో చేసిందని రెండేళ్లకు పైగా గడిచాక తెలిసింది. దాన్ని తరువాతి పాపసంకీర్తనంలో ఒక్కసారే, ఒక్క వాక్యంలో చెప్పాను. పాపవిమోచన పాపాన్ని తీసివేస్తుంది, పాపం చేసిన నష్టాన్ని సరిచేయవలసిన పని మనకు మిగులుతుందని సత్యోపదేశం చెబుతుంది. కాబట్టి ఆమె దగ్గరికి వెళ్లక తప్పలేదు.

వెళ్లి, ఆ రోజు నీకు తప్పులు చెప్పలేదు, చెప్పాలనిపించలేదు అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. కాసేపు నా ముఖం చూసి, "నాకు తెలుసక్కా" అంది. ఏం తెలుసో, ఎప్పటినుండి తెలుసో నేనూ అడగలేదు. సంచిలోంచి పఠనం రాసుకున్న కాగితం తీసి నా ముందు పెట్టింది. గంటసేపు కూర్చున్నాం. తడబడే మాటలు సరిచేశాను, 'రాత్రంతా' దగ్గర పెన్సిలుతో చిన్న గీత గీశాను.

నా ప్రార్థన ఇప్పుడు ఎలా ఉందని అడిగితే, పరధ్యానం ఇంకా ఉంది. జాబితా అంటించిన రోజున నా కళ్లు ఇంకా ముందుగా మూడో వరుస దగ్గరికే పోతాయి. కాకపోతే మనసు వాక్యపీఠం ఎక్కిందని తెలియగానే, దానితో వాదించకుండా, "ప్రభువా, ఇదిగో మళ్లీ ఇక్కడే ఉన్నాను" అనడం అలవాటైంది. అది కూడా ప్రార్థనేనని చాలా ఆలస్యంగా గ్రహించాను. కొన్ని రోజులు అరగంటలో ఆ మాట తప్ప మరేమీ ఉండదు. ముప్పై ఒకటో నిమిషం మాత్రం మానలేదు.

ఆ తరువాత వచ్చిన పాస్కా జాగరణకు నాకు ఏ పఠనమూ లేదు. ముందునుండి మూడో వరుసలో కూర్చున్నాను. పాస్కా స్తోత్రం ముగిసి అందరం క్రొవ్వొత్తులు ఆర్పివేశాక, నా చేతిలోని వత్తి చివర ఇంకా సన్నగా పొగ వస్తోంది. తన వంతు వచ్చాక ఆ అమ్మాయి మెట్లెక్కి మూడవ పఠనం మొదలుపెట్టింది. తడబడే మాటలు రెండూ సరిగ్గా పలికింది. 'రాత్రంతా' దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను. ఆమె అక్కడ ఆగలేదు. గీత గీసిన చోటు దాటి, వాక్యం పూర్తి చేసి, 'ఆరిన నేల' అన్న తరువాత ఆగింది, నేను ఎన్నడూ ఆపనంత సేపు. ఎవరూ కదలలేదు. నేనూ కదలలేదు. ఆ పఠనం మోషే, ఇశ్రాయేలీయులు పాడిన పాట మొదటి మాటలతో ముగుస్తుంది కనుక, ఆమె పుస్తకం నుండి తల ఎత్తగానే గాయకబృందం ఆ పాట అందుకుంది, నేను వారితో గొంతు కలిపాను.